కావలెను: ఉద్యోగానికో భర్త

‘ఉద్యోగం పురుష లక్షణం’ అనే మాట వినని ఇల్లు మన వైపు ఉండదేమో. పనీపాటా లేకుండా తిరిగే కొడుకుని దెప్పడానికీ అదే మాట, ఉద్యోగం చేస్తానన్న కూతుర్ని ఆపడానికీ అదే మాట. నిజానికి సంస్కృతంలో ఉద్యోగమంటే నెలజీతమిచ్చే కొలువు కాదు. ప్రయత్నం, పూనిక అని దాని అర్థం. మహాభారతంలోని ఉద్యోగపర్వం కొలువుల గురించి కాదు, యుద్ధానికి ముందు జరిగిన ప్రయత్నాల గురించి. కచేరీలూ, జీతాల పట్టీలూ వచ్చాక ఆ మాట కొలువుకి పేరైపోయింది. పాత అర్థమే తీసుకుంటే, కొలువు దొరికాక చేసే పని కాదు, దొరికేదాకా పడే పాటే అసలు ఉద్యోగం. ఆ పాటు ఆడవాళ్ళు తరాలుగా పడుతున్నారు. దాని చరిత్ర మాత్రం ఎక్కడా రాసి లేదు.

మన దగ్గరున్న స్త్రీల ఉద్యోగ చరిత్ర చాలావరకు ‘తొలి’ అన్న మాటతో మొదలవుతుంది. తొలి డాక్టరు, తొలి న్యాయవాది, తొలి అధికారి. వాళ్ళు అవసరమే, వాళ్ళ వెనక నడిచే మేమంతా ఉన్నాం. కానీ రెండో ఆమె, రెండువేలో ఆమె ఆ మెట్టు ఎలా ఎక్కిందో, ఎక్కలేక ఎక్కడ ఆగిపోయిందో మనకి తెలియదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మామూలు ఆడవాళ్ళ గొంతు వినడం నేర్పింది. అయితే ఆ గొంతులు తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్నవారివి, అసాధారణమైన కాలానివి. ఏ పోరాటమూ జరగని రోజు సంగతేమిటి? పనికి వెళ్ళడం, ఇంకో పని కోసం వెతకడం, సాయంత్రం ఏదో పాత సినిమా చూసి పడుకోవడం. ఇంతే జరిగిన రోజుకి చరిత్ర ఉంటుందా? ఉంటుందనే నా వాదన. పైగా ఆ మూడు పనులూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. మూడింటి మధ్యా ఒకటే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: ఈమెకి భర్త ఉన్నాడా, ఉంటే ఎక్కడ, లేకపోతే ఎప్పుడు?

ఆ ప్రశ్న నాకెలా ఎదురయిందో చెప్పడానికి ఈ మధ్య గడిచిన ఒక బుధవారాన్ని తీసుకుంటాను. నేను ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే గెస్ట్ లెక్చరర్ని. పీరియడు లెక్కన డబ్బులు. సెలవులొస్తే అవీ ఉండవు. ఉదయం అయిదింటికి లేచి వంటా, క్యారేజీలూ ముగించి పదింటికి కాలేజీకి వెళ్ళాను. మూడు పీరియడ్లు చెప్పాను. మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని ఇంకో ఊళ్ళోని ప్రైవేటు కాలేజీకి దరఖాస్తు నింపాను. పుట్టిన తేదీ, డిగ్రీలు, వ్యాసాలు, అనుభవం, వాటి తర్వాత ‘తండ్రి / భర్త పేరు’. రెండు రోజుల ముందే బయోడేటా పంపి ఉన్నాను కనక ఆ కాలేజీ నుంచి ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. మాట్లాడినాయన చాలా మర్యాదస్తుడు. మూడు ప్రశ్నలడిగారు. మీవారు ఎక్కడ పనిచేస్తారండీ? వారికి బదిలీలుంటాయా? పిల్లలు ఏ క్లాసు? పన్నెండేళ్ళుగా చెబుతున్న చరిత్ర గురించి ఒక్కటీ లేదు. ‘మళ్ళీ చెబుతామండీ’ అన్నారు. అన్నం కుక్కర్లో పెట్టి, బీరకాయలు ముందేసుకుని, ఫోన్లో ‘మిస్సమ్మ’ పెట్టుకున్నాను.

ఈ రోజుని ప్రభుత్వం ఎలా లెక్కపెడుతుందో చూద్దాం. మన దేశంలో కాల వినియోగ సర్వే మొదట 1998-99లో ఆరు రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటికీ మొదటిసారి 2019లో చేశారు, మళ్ళీ 2024లో చేశారు. సర్వే వారి రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలై మర్నాడు నాలుగింటికి ముగుస్తుంది. దాన్ని అరగంట ముక్కలుగా కోసి ఏ ముక్కలో ఏం చేశారని అడుగుతారు. 2019 లెక్కల్లో ఇంటిచాకిరిలో పాలుపంచుకున్న స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అసలు ఆ పని ముట్టుకున్నవాళ్ళు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. 2024కి వచ్చేసరికి నిమిషాలు 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయన్నమాట.

ఉద్యోగం వెతుక్కోవడాన్ని ఈ వర్గీకరణలో ఉపాధికి సంబంధించిన పనుల్లోనే చేర్చారు. అది మంచిదే, కనీసం దాన్ని పనిగా గుర్తించారు. కానీ నా మధ్యాహ్నపు దరఖాస్తు తినీతినని అన్నం ముందు నింపినది. నా ‘మిస్సమ్మ’ బీరకాయ చెక్కు తీస్తూ చూసినది. దాన్ని వినోదమనాలా, వంటనాలా? ఒకే అరగంటలో రెండు మూడు పనులు జరిగాయంటే రాసుకునే వీలు సర్వేలో ఉంది. అయినా ఆడవాళ్ళ విశ్రాంతి ఎప్పుడూ ఇంకో పని నీడలోనే ఉంటుందనే విషయాన్ని ఏ అంకె చెబుతుంది? దాన్ని వేరే చోట వెతకాలి. ఆ చోటు ఆ సాయంత్రం నా ముందున్న సినిమాలోనే కనిపించింది.

‘మిస్సమ్మ’ 1955 జనవరిలో విడుదలైంది. విజయావారి సినిమా, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం. మనమందరం దాన్ని హాస్యచిత్రమనే గుర్తుపెట్టుకున్నాం. కానీ కథ మొత్తం ఉద్యోగాల వేట చుట్టూ తిరుగుతుంది. మేరీ పట్టభద్రురాలు. అప్పిచ్చిన డేవిడ్ పెళ్ళి చేసుకోమని వెంటపడుతుంటాడు. ఆ అప్పు తీరాలంటే ఆమెకి ఉద్యోగం కావాలి. ఎం.టి. రావు కూడా చదువుకున్న నిరుద్యోగే. అప్పాపురం జమీందారు బడికి చదువుకున్న భార్యాభర్తలు ఉపాధ్యాయులుగా కావాలన్న ప్రకటన పేపర్లో వస్తుంది. ఇద్దరికీ చదువుంది, చెప్పగల శక్తి ఉంది. లేనిది పెళ్ళి. అందుకని దంపతుల్లా నటిస్తూ ఉద్యోగంలో చేరతారు. మేరీ తన మతాన్ని దాచుకుని హిందూ ఇల్లాలి వేషం కూడా కట్టాలి.

ఈ కథకి మూలం బెంగాల్లో ఉంది. రవీంద్రనాథ్ మైత్ర రాసిన ‘మాన్‌మయీ గర్ల్స్ స్కూల్’ నాటకం 1935లోనే బెంగాలీ సినిమా అయింది. తెలుగులో వచ్చిన ఏడే తమిళంలోనూ, 1957లో హిందీలో ‘మిస్ మేరీ’గానూ వచ్చింది. అంటే ఇరవై ఏళ్ళకి పైగా, నాలుగు భాషల ప్రేక్షకులు ఆ ఉద్యోగ ప్రకటనని విడ్డూరంగా అనుకోలేదు. నవ్వారు గానీ నమ్మారు. ఊరికి కొత్తగా వచ్చిన చదువుకున్న ఆడమనిషి ఒంటరిగా ఉండకూడదన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, దంపతులు కావాలన్న షరతుని ఎవరూ ప్రశ్నించలేదు. రావుకీ ఆ షరతు అడ్డమే. కానీ తేడా ఉంది. నటన బయటపడితే అతనికి పోయేది ఉద్యోగం. ఆమెకి పోయేది పరువు. మేరీ సినిమా పొడుగునా విసుక్కుంటూ, చిర్రుబుర్రులాడుతూ ఉంటుంది. సావిత్రి ఆ విసుగుని ఎంత ముచ్చటగా నటించిందంటే, అందులోని న్యాయాన్ని మనం గమనించకుండానే మురిసిపోతాం. ఆ పాత్రకి మొదట భానుమతిని అనుకున్నారు. ఆమె చేసి ఉంటే ఆ విసుగు మరికొంచెం నిప్పులా ఉండేదేమోనని నాకొక ఊహ.

ముగింపు సంగతి అందరికీ తెలుసు. మేరీ చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురే. తండ్రి దొరికాడు, ఆస్తి దొరికింది, నటనలోని భర్త నిజం భర్త అయ్యాడు. ఇక ఉద్యోగంతో పనేముంది? ఉద్యోగం వెతుక్కుంటూ బయల్దేరిన అమ్మాయికి సినిమా తండ్రినీ భర్తనీ వెతికి పెట్టి, ఆమె అసలు అడిగినదాన్ని మరిపించింది. నా దరఖాస్తులో ‘తండ్రి / భర్త పేరు’ అన్న గడి కూడా అదే పని చేస్తోంది కదా!

సినిమాలో భర్త లేకపోతే ఉద్యోగం లేదు. అదే కాలంలో చట్టం పుస్తకాల్లో భర్త ఉంటే ఉద్యోగం లేదు. సి.బి. ముత్తమ్మ 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ. ఆ సర్వీసుకి 1961లో రాసిన నిబంధనల ప్రకారం స్త్రీ అధికారి పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం దగ్గర ముందుగా రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక సంసార బాధ్యతలు విధులకి అడ్డమొస్తాయని ప్రభుత్వం భావిస్తే ఆమెని రాజీనామా చెయ్యమనొచ్చు. వివాహిత అయిన స్త్రీకి ఆ సర్వీసులో నియామకం హక్కుగా రాదు. ఇన్ని షరతులూ ఆడవాళ్ళకే. పదోన్నతి నిరాకరించారని ముత్తమ్మ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కేసు నడుస్తుండగానే ఆమెకి పదోన్నతి ఇచ్చారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ పిటిషన్ని ముగిస్తూనే ఆ నిబంధనల్లోని పురుషాహంకారాన్ని కడిగిపారేశారు.

ముత్తమ్మది పెద్ద ఉద్యోగం. కింది మెట్టు మీదా ఇదే కథ. ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఆడపిల్లలకి పెళ్ళయితే ఉద్యోగం దానంతటదే పోతుందన్న నిబంధన ఉండేది. కార్మిక సంఘం పోరాడితే 1965లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1981లో ఎయిరిండియా ఎయిర్ హోస్టెస్‌ల కేసులో మొదటి గర్భంతోనే ఉద్యోగం తీసేసే నిబంధనని కొట్టేసింది గానీ, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి కూడదన్న షరతుని మాత్రం నిలబెట్టింది. ఇవన్నీ పాత సంగతులనుకోవడానికి లేదు. మిలిటరీ నర్సింగ్ సర్వీసు నుంచి 1988లో పెళ్ళయిన కారణంగా తొలగించిన ఒక అధికారిణికి 60 లక్షల రూపాయలు పరిహారం ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఫిబ్రవరిలో. ముప్పయ్యారేళ్ళ తర్వాత! ఆ ఏడాది జూన్‌లోనే తమిళనాడులోని ఫాక్స్‌కాన్ ఐఫోన్ కర్మాగారంలో పెళ్ళయిన ఆడవాళ్ళని చేర్చుకోవడం లేదని రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. కంపెనీ తాము వివక్ష చూపడం లేదంది. కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాన్ని నివేదిక అడిగింది.

భర్త లేకపోతే అనుమానం, ఉంటే అడ్డం. పైకి ఈ రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి. కానీ రెండింటి వెనకా ఉన్నది ఒకటే నమ్మకం: ఆడమనిషి కాలం ఆమెది కాదు, ఇంకొకరి నుంచి అరువు తెచ్చుకున్నది. కనక పనిలోకి తీసుకునేవాడు ఆ అసలు యజమాని ఎవరో కనుక్కోవాలి. ఫోనులో నన్నడిగిన మూడు ప్రశ్నలూ మర్యాదగా ఆ వాకబే చేశాయి.

ఇక కొలువు కోసం ఎదురుచూసే కాలం. మా మేనత్త బందరులో పెరిగింది. స్కూలు ఫైనలయ్యాక 1974లో టైపు నేర్చుకోవడానికి చేరింది. ఆ రోజుల్లో పట్టణాల్లో మధ్యతరగతి ఆడపిల్ల ఒక్కతే వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకునే చోట్లు గుడి, లైబ్రరీ, టైపు ఇన్‌స్టిట్యూట్. వరసగా రెమింగ్టన్ మిషన్లు, పక్కనే గోడ గడియారం, గంటకొక బ్యాచి. అత్తయ్య లోయరూ, హయ్యరూ రెండూ పాసయింది. తాతయ్య వెంటబెట్టుకుని తీసుకెళ్ళి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించాడు. పెళ్ళి కుదిరేదాకా ఏదో ఒకటి నేర్చుకోనీ అన్నది ఇంట్లోవాళ్ళ లెక్క. అత్తయ్య లెక్క వేరు. ఆమె దృష్టిలో పెళ్ళే ఉద్యోగం వచ్చేదాకా జరిగే ఆలస్యం.

ఎక్స్ఛేంజిల పుట్టుక కూడా చిత్రమైనదే. రెండో ప్రపంచయుద్ధం ముగిసినప్పుడు, 1945లో, సైన్యం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళకి పని చూపించడానికి పెట్టినవి అవి. 1948 నుంచి అందరికీ తలుపులు తెరిచారు. 1959లో చట్టం చేసి, ఖాళీలు వస్తే ఎక్స్ఛేంజికి చెప్పితీరాలన్నారు. సైనికులకోసం కట్టిన ఆ వరసలో ఆడవాళ్ళు వెనక నుంచి వచ్చి నిలబడ్డారు. కార్డు గడువు తీరకుండా చూసుకోవడం, రెన్యూవల్ చేయించడం, సీనియారిటీ పోకుండా కాపాడుకోవడం, ఇదంతా ఒక పనే. జీతం లేని, ఎవరికీ కనిపించని పని. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో రాష్ట్ర ఉద్యోగాల్లో స్త్రీలకి 30 శాతం మేరకు ప్రాధాన్యం ఇస్తూ జీవో తెచ్చింది. దాన్ని కోర్టులో సవాలు చేశారు. 1995లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగబద్ధమేనంది. మర్నాటి ఏడు, 1996లో, కృష్ణాజిల్లా ఎక్సైజు శాఖ నియామకాల కేసులోనే ఇంకో ముఖ్యమైన తీర్పు వచ్చింది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టుకుంటే చాలదు, పత్రికల్లోనూ ప్రకటించాలి, నోటీసు బోర్డుల్లో పెట్టాలి, రేడియోలో, టీవీలో చెప్పాలి అని. అవకాశం ఉందన్న కబురు చేరడం కూడా సమానత్వంలో భాగమేనని ఆ తీర్పు సారం.

కబురు చేరకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే తెలిసింది. అత్తయ్యకి 1979లో పెళ్ళయి ఏలూరు వెళ్ళిపోయింది. నాయనమ్మ పోయాక, 2009లో, బందరు ఇల్లు ఖాళీ చేస్తూ ట్రంకుపెట్టె తీస్తే పట్టుచీరల కింద ఇంటర్వ్యూ కార్డు దొరికింది. జూనియర్ టైపిస్టు పోస్టు. పెళ్ళయిన నాలుగో నెలలో వచ్చింది. కాపురంలో కలతలొస్తాయని భయపడి నాయనమ్మ దాన్ని పంపలేదు. చింపి పారెయ్యడానికీ చేతులు రాలేదు. అత్తయ్య ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ‘వచ్చిందా! నన్నెవరూ పిలవలేదనే అనుకున్నానమ్మాయ్ ఇన్నాళ్ళూ’ అంది. ఉద్యోగం రాలేదని ఆమె ఏనాడూ బాధపడినట్టు కనిపించలేదు. తనకి అర్హత లేదేమోనని ముప్పయ్యేళ్ళు లోలోపల అనుకుంటూ ఉందని అప్పుడే నాకు తెలిసింది. నాయనమ్మ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ఆ కార్డుని దాచిన చేతులే దాన్ని భద్రపరిచాయి కూడా. ఆమెకి చదువు రాదు. పెట్టె మాత్రమే ఉంది.

ఎదురుచూపుల ఏళ్ళలో అత్తయ్యకి తోడు రేడియో. తెలుగు ప్రసారాలు 1938లో మద్రాసు కేంద్రంతో మొదలయ్యాయి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. నిజాం రాజ్యంలోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1952లో సమాచార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలు సంస్కారం కాదని ఆకాశవాణిలో వాటిని బాగా కుదించేశారు. జనం రేడియో సిలోన్‌కి తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. ఏది సంస్కారమో మంత్రులు తేల్చేలోపు ఏది కావాలో వినేవాళ్ళు తేల్చేశారు. ఆ వినేవాళ్ళలో పగలంతా ఇంట్లో ఉండే ఆడవాళ్ళున్నారన్నది మాత్రం ఈ కథ చెప్పేటప్పుడు ఎవరూ ఎత్తరు.

రేడియోకి ఉన్న గొప్ప సుగుణం, చేతులు ఖాళీగా లేకపోయినా చెవులు చాలు. అందుకే అది వంటింటి గూట్లోకి అంత తేలిగ్గా చేరింది. స్త్రీల కార్యక్రమాలు మధ్యాహ్నం పెట్టడంలోనే ఒక ఒప్పుకోలు ఉంది: భోజనాలు వడ్డించి, గిన్నెలు సర్ది, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు దొరికే సందు అదొక్కటే. ఒకరి విశ్రాంతి ఇంకొకరికి ఉద్యోగం కూడా అయింది. హైదరాబాద్ కేంద్రంలో శారదా శ్రీనివాసన్, తురగా జానకీరాణి వంటివారు దశాబ్దాల పాటు గొంతుతో, కలంతో జీతం సంపాదించుకున్నారు. నాటకంలో శారద గొంతు వింటూ బియ్యంలో రాళ్ళేరిన ఆడవాళ్ళు ఎందరో. గాలిలో వచ్చే ఆ గొంతు ఒక ఉద్యోగస్తురాలిదన్న ఆలోచన అత్తయ్యకి ఉండేది. ‘ఆవిడకి నెలకెంతిస్తారో’ అని అడిగేదిట.

అత్తయ్య తరం చదివినవీ, చూసినవీ కూడా ఉద్యోగాల కథలే. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవల చదవనివాళ్ళు ఆ తరంలో అరుదు. 1976లో సినిమా కూడా అయింది. ఆత్మాభిమానం గల జయంతి ఉద్యోగం చేసి బతకాలనుకుంటుంది. చివరికి యజమాని రాజశేఖరానికి భార్య అవుతుంది. ఆఫీసు గుమ్మం దాటిస్తూనే పెళ్ళిపీటల వైపు నడిపించే ఆ కథని మనం చాలా విమర్శించాం, సబబుగానే. కానీ టైపు మిషన్ ముందు కూర్చున్న వేలమందికి ఆఫీసు అనే చోటు లోపల ఎలా ఉంటుందో ఊహకి అందించింది కూడా ఆ నవలే. అదే 1976లో బాలచందర్ ‘అంతులేని కథ’ వచ్చింది. సరిత జీతం మీద ఇల్లంతా బతుకుతుంది. చివరికి తన పెళ్ళిని చెల్లెలికి వదిలేసి మళ్ళీ ఆఫీసుకి బయల్దేరుతుంది. ఉద్యోగమా, పెళ్ళా, రెండింటిలో ఒకటే. 1955లో మేరీకి ఉద్యోగం పోయి పెళ్ళి మిగిలింది, 1976లో సరితకి పెళ్ళి పోయి ఉద్యోగం మిగిలింది.

వీటి పక్కన 1981లో బాలచందరే తీసిన ‘ఆకలి రాజ్యం’ పెట్టి చూడండి. ఢిల్లీ వీధుల్లో ఉద్యోగం కోసం తిరిగే కుర్రాడి కోపానికి శ్రీశ్రీ కవిత్వం తోడుంది. అతని నిరుద్యోగం దేశం సమస్య, వ్యవస్థ మీద తీర్పు. అదే సినిమాలో శ్రీదేవి వేసిన దేవి నాటకాల్లో నటించి ఇంటిని పోషిస్తూ ఉంటుంది. మనకి గుర్తున్నది అతని ఆకలే, ఆమె సంపాదన కాదు. మగవాడికి ఉద్యోగం లేకపోతే అది రాజకీయం. ఆడదానికి లేకపోతే ‘ఇంకా పెళ్ళి కాలేదా’ అనే ప్రశ్న. నిరుద్యోగి అన్న మాట వినగానే మన కళ్ళముందు గడ్డం పెరిగిన యువకుడే ఎందుకు వస్తాడు? టైపు హయ్యరు పాసై బియ్యమేరుతున్న అమ్మాయి ఎందుకు రాదు?

ఇంత తెలిసీ ఆ బుధవారం రాత్రి ‘మిస్సమ్మ’ చూసి ఎందుకు హాయిగా నవ్వుకున్నావని నా మిత్రురాలొకామె అడిగింది. పితృస్వామ్య భావజాలాన్ని నవ్వుతో మింగిస్తుంది కదా అని ఆమె వాదన. కాదనను. కానీ స్త్రీల విశ్రాంతి మీద ఎప్పుడూ ఎవరో ఒకరి కాపలా ఉంటూనే ఉంది. నవలలు చదివితే చెడిపోతారన్నారు, సినిమా పాటలు సంస్కారం కాదన్నారు, సీరియల్స్ చూస్తారని ఎగతాళి చేశారు. మన విమర్శ ఆ కాపలాకి ఇంకో పేరు కాకూడదు. అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’ కథలో ఇల్లాలు జీవితమంతా కోరుకున్నది కంటినిండా నిద్ర. అంత చిన్న కోరిక ఒక విషాద కథకి సరిపోయిందంటే, విశ్రాంతి మనకెంత అపురూపమో వేరే చెప్పాలా? ఛాయాదేవి లైబ్రేరియన్‌గా ఉద్యోగం చేసిన మనిషి. ఇంటి గంటలూ, కొలువు గంటలూ రెండూ తెలిసినవారు. పాత సినిమా చూసి నవ్వడం, నవ్వుతూనే అందులోని ఉద్యోగ ప్రకటనని మళ్ళీ చదవడం, రెండూ ఒకేసారి చెయ్యగలం. బీరకాయ తొక్క తీస్తూ కూడా చెయ్యగలం.

కావలసింది ఇంకోటి ఉంది. ఈ చరిత్రకి ఆధారాలు ఏ ప్రభుత్వ భాండాగారంలోనూ దొరకవు. అవి ట్రంకుపెట్టెల్లో, బీరువా అడుగున, పాత డైరీ అట్టల మధ్య ఉన్నాయి. గడువు తీరిన ఎక్స్ఛేంజి కార్డులు, టైపు పరీక్ష హాల్ టిక్కెట్లు, కత్తిరించి దాచుకున్న ‘కావలెను’ ప్రకటనలు, విచారిస్తున్నామంటూ వచ్చిన జవాబులు, అసలు అందని ఇంటర్వ్యూ కార్డులు. ఎవరైనా ఉద్యోగం చెయ్యలేదంటే ప్రయత్నించలేదని అర్థం కాదని ఆ కాగితాలు చెబుతాయి. మన అమ్మల్నీ, అత్తల్నీ ‘మీరెందుకు ఉద్యోగం చెయ్యలేదు’ అని అడగడం మానేసి, ‘ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టారు, అప్పుడు ఏ పాటలు వినేవారు’ అని అడిగి చూడండి. మొదటి ప్రశ్నకి వాళ్ళు సంజాయిషీ చెబుతారు. రెండో ప్రశ్నకి చరిత్ర చెబుతారు. పెట్టెలు ఖాళీ చేసే ముందు ఆ మాటలు రాసుకుందాం, ఆ కాగితాలు పారెయ్యకుండా ఒకచోట చేరుద్దాం.